ఛాంపియన్ గొప్పతనాన్ని ప్రత్యర్థుల్ని బట్టి తూచడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రాకీ మార్సియానో 49కి 49 గెలిచాడు, ఫ్లాయిడ్ మేవెదర్ 50కి 50 గెలిచాడు. అయినా మార్సియానో కొట్టిందంతా ముసలివాళ్లనేనని ఒకరు, మేవెదర్ అదను చూసుకుని దిగేవాడని ఇంకొకరు తీసిపారేస్తున్నారు. అసలు ఛాంపియన్‌ని అతని ప్రత్యర్థుల్ని బట్టి తూచడం న్యాయమేనా, న్యాయమైతే ఎలా తూచాలి? దాంతోపాటు అన్ని వెయిట్ క్లాసులూ కలిపి మీ టాప్ టెన్ కూడా పెట్టారు. ఆ లిస్టు సంగతి చివర్లో చూద్దాం.

న్యాయమే. వేరే కొలత కూడా లేదు. పరుగు పందెంలో అయితే గడియారం ఉంటుంది, పక్క లేన్‌లో ఎవరు పరిగెత్తినా మీ టైమ్ మీదే. బాక్సింగ్‌లో ఎదురుగా నిలబడ్డ మనిషే గడియారం. అయితే చాలామంది ఆ మనిషిని చూడరు, పేరు చూసి ఆగిపోతారు. జో లూయిస్‌ని నాకౌట్ చేశాడనగానే మన కళ్ల ముందుకు 1938లో మాక్స్ ష్మెలింగ్‌ని 124 సెకన్లలో ముగించిన లూయిస్ వస్తాడు. 1951 అక్టోబర్‌లో మార్సియానో ముందు నిలబడ్డ లూయిస్‌కి 37 ఏళ్లు. నెత్తిన పన్ను బకాయిలు ఉండబట్టి మళ్లీ గ్లవ్స్ కట్టుకున్నాడు. జాబ్, అంటే ముందుచేత్తో వేసే సూటి దెబ్బ, ఇంకా బాగానే ఉంది కానీ దాని వెనక రావాల్సిన కుడిచెయ్యి రావట్లేదు. ఎనిమిదో రౌండ్లో తాళ్ల మధ్య నుంచి బయటికి పడిపోయాడు. కాగితం మీద మాత్రం రెండు చోట్లా ఒకటే పేరు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను, నా పద్ధతి అక్కడినుంచే వచ్చింది. పదేళ్లు అమెచ్యూర్‌గా ఆడాను, ఆ తర్వాత చాలా ఏళ్లు కుర్రాళ్లకు నేర్పాను. నా రికార్డులో చెప్పుకోదగ్గ గెలుపు ఒక్కటే ఉంది. మా వెయిట్‌లో అందరూ భయపడే బాక్సర్ మీద అది. ఆ రోజు పొద్దున తూకం దగ్గర అతన్ని చూశాను. ఒంటిమీద రెండు ట్రాక్‌సూట్లు, నోట్లో బబుల్‌గమ్, చేతిలో ఖాళీ వాటర్ బాటిల్. నమిలి నమిలి ఆ బాటిల్లో ఉమ్ముతున్నాడు, ఒంట్లో నీరు తగ్గించుకోవడానికి. పెదాలు తెల్లగా పగిలిపోయి ఉన్నాయి. మొదటిసారి కాటా ఎక్కితే అరకిలో ఎక్కువ చూపించింది. మళ్లీ స్కిప్పింగ్ తాడు పట్టుకున్నాడు. సాయంత్రం బౌట్‌లో రెండో రౌండ్లో క్లించ్ పడితే, అంటే ఒకరినొకరం పట్టేసుకుంటే, నామీద వాలాడు. మనిషి బరువు తెలియలేదు, తడి దుప్పటి భుజాన వేసుకున్నట్టు ఉంది. గెలిచాను. జనం చప్పట్లు కొట్టారు. మూడు నెలల తర్వాత అతను పై వెయిట్‌కి మారి, కడుపునిండా తిని వచ్చి నాతో స్పారింగ్ చేశాడు. మూడు రౌండ్లలో నేను శుభ్రంగా తగిలించిన దెబ్బలు రెండో మూడో. ఇప్పటికీ ఎవరైనా నా రికార్డు చూస్తే అతని పేరు దగ్గరే ఆగుతారు. ఆ గెలుపు విలువెంతో నాకొక్కడికే తెలుసు.

ఆనాటి నుంచి ఏ ఛాంపియన్ రికార్డు చూసినా నేను అడిగేది ఒకటే: ఆ పేరుగల మనిషి ఆ రాత్రి ఏ స్థితిలో వచ్చాడు?

మార్సియానో కెరీర్‌లోనే దీనికి పక్కపక్కన పెట్టి చూసుకోదగ్గ రెండు రాత్రులున్నాయి, రెండింట్లోనూ ప్రత్యర్థి జెర్సీ జో వాల్కాట్. మొదటిది 1952 సెప్టెంబర్ 23, ఫిలడెల్ఫియా. వాల్కాట్‌కి 38 ఏళ్లు, నిజమే. కానీ ఆ రాత్రి ఆ 38 ఏళ్ల మనిషి మొదటి రౌండ్లోనే లెఫ్ట్ హుక్‌తో మార్సియానోని కింద పడేశాడు. అంతకు ముందు మార్సియానోని ఎవరూ పడగొట్టలేదు. పన్నెండు రౌండ్లయ్యేసరికి పాయింట్లు వేసే ముగ్గురి స్కోర్‌కార్డుల్లోనూ వాల్కాటే ముందున్నాడు. మార్సియానో టైటిల్ గెలవాలంటే నాకౌట్ తప్ప దారి లేదు. పదమూడో రౌండ్ మొదలైన కాసేపటికే వాల్కాట్ తాళ్ల వైపు వెనక్కి జరిగాడు. ఇద్దరూ దాదాపు ఒకేసారి కుడిచేతులు వదిలారు. మార్సియానో దెబ్బకు దారి పొట్టిది, ముందు తగిలింది. వాల్కాట్ ఎడమచెయ్యి తాడుకి తగులుకుని, మోకాళ్ల మీదికి మెల్లగా జారిపోయి, నుదురు కాన్వాస్‌కి ఆనింది. వీలైతే దీన్ని స్లో మోషన్‌లో చూడండి. దెబ్బ ప్రయాణించింది జానెడు దూరం.

రెండోది ఎనిమిది నెలల తర్వాత, షికాగోలో. అదే వాల్కాట్, అదే టైటిల్. మొదటి రౌండ్లోనే కింద పడి, కూర్చున్నచోటే లెక్క పూర్తయ్యేదాకా ఉండిపోయాడు. ఆ తర్వాత మళ్లీ రింగు ఎక్కలేదు.

మొదటి రాత్రిని నేను హెవీవెయిట్ చరిత్రలోని అతి గొప్ప గెలుపుల్లో ఒకటిగా లెక్కేస్తాను. రెండో రాత్రికి దాదాపు సున్నా. నాకౌట్ టైమింగ్ చూసేవాళ్లు రెండోదే ఘనమంటారు, ఒక్క రౌండ్లో లేపేశాడని. నా దగ్గర అది చెల్లదు. చచ్చిన పామును ఎంత గట్టిగా కొట్టినా ఏం లాభం?

‘ముసలివాళ్లు’ అనే మాట కూడా ఒక్క దెబ్బతో అందరికీ అతికించేది కాదు. 1955లో మార్సియానో చివరి బౌట్ ఆర్చీ మూర్‌తో. మూర్ వయసెంతో సరిగ్గా అతనికీ అతని తల్లికే లెక్క కుదరలేదు. తను 1916లో పుట్టానని అతనూ, కాదు 1913 అని ఆవిడా. తక్కువదే పట్టుకున్నా 38. వయసు చూసి కొట్టిపారేద్దామంటే, ఆ మూర్ రెండో రౌండ్లో మార్సియానోని పడేశాడు, తొమ్మిదో రౌండ్లో ఓడాడు. ఆపైన 1958లో మాంట్రియల్‌లో యవాన్ డ్యురెల్ చేతిలో మొదటి రౌండ్లోనే మూడుసార్లు పడి, లేచి, పదకొండో రౌండ్లో అతన్నే నాకౌట్ చేసి లైట్ హెవీవెయిట్ టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1955లో అయిపోయిన మనిషైతే 1958లో ఇది ఎలా చేస్తాడు? కాబట్టి వయసు ఒక్కటే చూడొద్దు. ఆ బౌట్‌కి ముందు రెండేళ్లు ఏం చేశాడో, తర్వాత రెండేళ్లు ఏం చేశాడో చూడండి. అటూ ఇటూ గట్టిగా ఉంటే మధ్యలో ఓడించినవాడికి పూర్తి మార్కులు. ముందు బాగుండి, తర్వాత ఒక్కసారిగా కుప్పకూలితే కాస్త జాగ్రత్తగా చూడాలి. ఈ బౌట్‌లో తిన్న దెబ్బలే అతన్ని ముగించి ఉండొచ్చు, లేదా ముందే లోపల డొల్లయిపోయి ఉండొచ్చు. వీడియో చూస్తేగానీ తేలదు.

వీడియోలో ఏం చూడాలంటారా? కాళ్లు. పంచ్ పవర్ చివరిదాకా ఉంటుంది, ముందు పోయేవి కాళ్లే. దెబ్బ వస్తున్నట్టు కళ్లకు తెలుస్తూనే ఉంటుంది, తల పక్కకు తప్పుకోవడం మాత్రం అరక్షణం ఆలస్యమవుతుంది. 1980లో లారీ హోమ్స్ ముందు నిలబడ్డ మహమ్మద్ అలీని చూస్తే ఇది తెలుస్తుంది. హోమ్స్ కొడుతూ కొడుతూ రిఫరీ వైపు చూస్తుంటాడు, ఇక ఆపమన్నట్టు. ఆ గెలుపును హోమ్స్ ఖాతాలో వేసేవాడు ఎవడూ ఉండడనుకుంటాను, హోమ్స్‌తో సహా.

ఇదే లెక్క అలీకీ వర్తిస్తుంది. అలీ అందమంతా చూడాలంటే చాలామంది చూపించే బౌట్ 1966 నవంబర్‌లో హ్యూస్టన్‌లో క్లీవ్‌లండ్ విలియమ్స్‌తో ఆడింది. నిజంగానే ఆ మూడు రౌండ్లూ కన్నులపండుగ. కానీ విలియమ్స్‌ని అంతకు రెండేళ్ల ముందు ఒక పోలీసు కాల్చాడు. కడుపులోకి తూటా దిగింది, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు జరిగాయి, ఒక కిడ్నీ పోయింది. ఒకప్పుడు హెవీవెయిట్లందరూ జంకిన మనిషే, ఆ రాత్రి వచ్చింది మాత్రం అందులో సగం. అలీ గొప్పతనాన్ని నేను ఈ బౌట్‌లో వెతకను. 1975లో మనీలాలో పద్నాలుగు రౌండ్లు జో ఫ్రేజియర్‌తో పడిన నరకంలో వెతుకుతాను. ఒకటి అలీ ఎంత అందంగా ఆడగలడో చూపిస్తుంది, రెండోది అలీ ఏమిటో చూపిస్తుంది.

మీరు ‘ఫలానావాణ్ణి ఓడించినవాణ్ణి ఓడించాడు కాబట్టి’ అనే వాదన ఒకటి తెచ్చారు. దాన్ని దయచేసి వదిలేయండి. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్, జో ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు. మరుసటి ఏడాది కరాకస్‌లో కెన్ నార్టన్‌నీ రెండు రౌండ్లలోనే ముగించాడు. అలీ ఏమో ఆ ఇద్దరి చేతుల్లోనూ అంతకుముందే ఓడి ఉన్నాడు, నార్టన్ అయితే దవడ విరగ్గొట్టాడు. ఈ లెక్కన 1974లో కిన్షాసాలో ఇద్దరూ తలపడినప్పుడు ఫోర్‌మన్ అలీని పచ్చడి చేయాలి. జరిగిందేమిటో మీకు తెలుసు, ఎనిమిదో రౌండ్లో ఫోర్‌మన్ కింద ఉన్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్నది నిజమే కానీ, మూడోవాణ్ణి మొదటివాడే తన్నొచ్చు. ముందుకు తోసుకొచ్చి వంగి హుక్ వేసేవాళ్లు ఫోర్‌మన్‌కి ఎదురుగా వడ్డించిన విస్తరి. వాళ్లే అలీకి ఒళ్లు హూనం చేసేవాళ్లు. అందుకే ఒక ఛాంపియన్ తనకు నప్పని స్టైల్ ఉన్నవాణ్ణి ఎదుర్కొన్నాడా లేదా అన్నది నాకు ప్రత్యర్థి ర్యాంకు కంటే ముఖ్యం. అలీ నార్టన్‌తో మూడుసార్లు ఆడాడు. మూడుసార్లూ ఇబ్బందే పడ్డాడు, అయినా వెళ్లాడు.

ఇక మేవెదర్. 50వ గెలుపును ముందు పక్కన పెట్టేద్దాం. 2017లో కానర్ మెక్‌గ్రెగర్‌కి అది ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో మొట్టమొదటి బౌట్. ఒక మార్కెటింగ్ కార్యక్రమాన్ని రికార్డులో కలిపేసి మార్సియానో 49ని దాటించారంతే. మిగతావాటిలో నాకు బాగా బరువుగా కనిపించేది ఎవరూ పెద్దగా మాట్లాడుకోనిది, 2001 జనవరిలో డియెగో కొరాలెస్. అప్పటికి కొరాలెస్ ఓటమి ఎరగడు, పొడగరి, ప్రైమ్‌లో ఉన్నాడు, ఇద్దరూ ఒకే వెయిట్. మేవెదర్ అతన్ని ఐదుసార్లు పడేశాడు, చివరికి అతని కార్నర్‌లోని సొంత మనుషులే ఆపేశారు. 2013లో కనేలో అల్వారెజ్ మీద గెలుపు కూడా చూడ్డానికి అద్భుతం. కాకపోతే కనేలోకి 23 ఏళ్లు, తన 154 పౌండ్ల వెయిట్ వదిలి 152 క్యాచ్‌వెయిట్‌కి, అంటే ఆ ఒక్క బౌట్ కోసం ఒప్పందంలో రాసుకున్న బరువుకి, దిగాల్సి వచ్చింది. రెండు పౌండ్లేగా అంటారు జనం. కాటా దగ్గర బాటిల్లో ఉమ్మినవాణ్ణి చూసినవాడికి రెండు పౌండ్లంటే ఏంటో తెలుసు. అయినా ఆ రాత్రి కనేలో అలసిపోయి ఓడలేదు, గాలిని కొట్టి కొట్టి ఓడాడు. కాబట్టి కోత వేస్తాను, కొద్దిగానే.

మేవెదర్ మానీ పకియావోతో ఆడిన బౌట్ దగ్గర మాత్రం నాకు నాతోనే తగాదా. 2009-10లో డోపింగ్ పట్టుకునే రక్తపరీక్షల గొడవ మీద ఆగిపోయిన బౌట్ 2015లో జరిగింది. ఈలోగా 2012లో పకియావోని మార్కెజ్ ఆరో రౌండ్లో బోర్లా పడేశాడు. ఆ దృశ్యం చూసినవాళ్లకు 2015 పకియావో పాత పకియావో కాడనే అనిపిస్తుంది. అదే పకియావో నలభై ఏళ్ల వయసులో, 2019లో, ఓటమి ఎరగని కీత్ థర్మన్‌ని ఓడించాడు. మూర్ విషయంలో నేను వాడిన కొలత ఇక్కడ వాడకపోతే పక్షపాతం అవుతుంది. కాబట్టి అది మంచి గెలుపే. అయిదేళ్లు ముందు జరిగి ఉంటే మాత్రం మనం ఈ చర్చలో లేము.

భవిష్యత్తులో గొప్పవాడయ్యేవాణ్ణి ముందే ఓడిస్తే? 1993లో రాయ్ జోన్స్ జూనియర్, బెర్నార్డ్ హాప్‌కిన్స్‌ని ఓడించాడు. అప్పటికి హాప్‌కిన్స్ ఎవరో పెద్దగా తెలియదు. ఆ తర్వాత పన్నెండేళ్లు అతన్ని ఎవరూ ఓడించలేకపోయారు, మిడిల్‌వెయిట్ టైటిల్ 20 సార్లు నిలబెట్టుకున్నాడు. జోన్స్ అభిమానులు ఆ ఘనతంతా 1993కి లాక్కొస్తారు. సరుకు ఉందని తెలిసింది కాబట్టి ఆ గెలుపు విలువ పెరిగిన మాట నిజం. కానీ ఆ హాప్‌కిన్స్ ఇంకా వండుతున్న అన్నం. సగానికి కాస్త పైన వేస్తాను, అంతకంటే వేయను.

బలహీనమైన ప్రత్యర్థులు ఎక్కువమంది ఉంటే విలువ తగ్గించాలా అన్న దానికి నా జవాబు: తగ్గించొద్దు, కలపొద్దు. జో లూయిస్ 1940 చివర నుంచి 1941 మధ్య దాకా దాదాపు నెలకో టైటిల్ బౌట్ ఆడాడు. ‘నెలకో పనికిమాలినవాడు’ అని పత్రికలు ఎగతాళి చేశాయి. ఆ వరసలోనే 1941 జూన్‌లో బిల్లీ కాన్ వచ్చాడు. లూయిస్ కంటే పాతిక పౌండ్లు తక్కువ. పన్నెండు రౌండ్లయ్యేసరికి ఇద్దరి కార్డుల్లో కానే ముందు, మూడో కార్డు సమానం. పదమూడో రౌండ్లో నాకౌట్ చేయాలన్న ఆశతో కాన్ దగ్గరికొచ్చాడు, లూయిస్‌కి కావాల్సింది అదే. నేనైతే ఒక్కో ఛాంపియన్‌కి అయిదు రాత్రులు ఎంచుకుంటాను, ఆ అయిదే తూస్తాను. మిగతావి కూలి డబ్బులు.

కాలం సరిలేదన్న సాకు కొంతవరకు ఒప్పుకోవాలి. తన తరంలో గొప్ప ప్రత్యర్థులు లేకపోతే ఛాంపియన్ ఎక్కడినుంచి తెస్తాడు? వ్లాదిమిర్ క్లిచ్కో 2006 నుంచి 2015 దాకా ఏలాడు. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని చాలామంది నవ్వారు. తన తరంలో తనకు దీటైన మరో హెవీవెయిట్ సొంత అన్న విటాలి. వాళ్లిద్దరూ ఎలా కొట్టుకుంటారు? క్లిచ్కోని నేను తప్పుపట్టను, అలాగని లూయిస్ పక్కన కూర్చోబెట్టలేను. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఒలెక్సాండర్ ఉసిక్. హెవీవెయిట్‌కి కింది మెట్టయిన క్రూయిజర్‌వెయిట్‌లో ఉండగా 2018లో బ్రీడిస్‌ని రిగాలో, గాసియెవ్‌ని మాస్కోలో, బెల్యూని మాంచెస్టర్‌లో, ఎవడి దేశానికి వాడి దగ్గరికే వెళ్లి కొట్టాడు. పైకి వచ్చాక తనకంటే అరడుగు పొడవు, పదిహేను కిలోలకు పైగా బరువు ఎక్కువున్న టైసన్ ఫ్యూరీని 2024లో రెండుసార్లు ఓడించాడు. బౌట్ల లెక్కలో చాలా చిన్న రికార్డు. నా అయిదు రాత్రుల లెక్కలో మాత్రం చాలామంది పెద్దపెద్దవాళ్లను తోసుకుని ముందుకొస్తాడు.

ఆడని బౌట్లు కూడా లెక్కలోకి వస్తాయి, ఇది జనం మర్చిపోతారు. జాక్ డెంప్సీ 1919 నుంచి 1926 వరకు ఛాంపియన్. ఆ ఏడేళ్లూ వరసలో ముందున్న హ్యారీ విల్స్‌కి అవకాశం రాలేదు. విల్స్ నల్లజాతివాడు. తప్పు డెంప్సీదా, ప్రమోటర్లదా, ఆ దేశపు వర్ణవివక్షదా అంటే ఎక్కువ భాగం చివరిదే. అయినా ఆ ఖాళీ డెంప్సీ రికార్డులో ఉంది, పూడ్చలేం. విచిత్రమేమిటంటే మొదటి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ జాన్సన్ కూడా టైటిల్ చేతికొచ్చాక శామ్ లాంగ్‌ఫర్డ్‌కి అవకాశం ఇవ్వలేదు. 1906లో అతన్ని ఓడించి ఉన్నాడు, కానీ అప్పటికి లాంగ్‌ఫర్డ్ ఇంకా కుర్రాడు. పెద్దవాడైన లాంగ్‌ఫర్డ్‌తో పెట్టుకోవడం జాన్సన్‌కి ఇష్టం లేకపోయింది.

ఇప్పుడు మీ టాప్ టెన్. మార్సియానో ఉన్నాడు, మేవెదర్ ఉన్నాడు. ఎజార్డ్ చార్ల్స్ లేడు. ఎందుకు లేడో ఊహించగలను: రికార్డులో పాతిక ఓటములు కనిపించి ఉంటాయి. వాటిలో సగం దాకా 1954లో మార్సియానోతో రెండు బౌట్లు అయ్యాక వచ్చినవి, ఒంట్లో శక్తి పోయినా డబ్బు కోసం ఆడుతూ పోయిన రోజులవి. అవి తీసేసి గెలుపులు చూడండి. ఎవరూ ఆడటానికి ఇష్టపడని ఛార్లీ బర్లీని 1942లో రెండుసార్లు ఓడించాడు. ఆర్చీ మూర్‌ని 1946, 47, 48ల్లో మూడుసార్లు, చివరిసారి నాకౌట్. తన అసలు వెయిట్ దాటి పైకొచ్చి వాల్కాట్‌ని 1949లో, లూయిస్‌ని 1950లో. ఈ పేర్లు మీకు పైన ఎక్కడో తగిలాయి కదా? మార్సియానో ఖాతాలో మనం బేరమాడుతున్న పేర్లే ఇవి, చార్ల్స్‌కి దొరికినప్పుడు వాటిలో చాలావరకు ఇంకా తాజాగా ఉన్నాయి. లూయిస్ మాత్రం కాదు, అతను చార్ల్స్ చేతికి వచ్చేసరికే పాతబడ్డాడు, దానికి ఇద్దరికీ ఒకే కోత.

ఇంకోటి. మార్సియానోతో పదిహేను రౌండ్లూ నిలబడ్డవాడు చార్ల్స్ ఒక్కడే. మూడు నెలల తర్వాత రెండో బౌట్‌లో చార్ల్స్, మార్సియానో ముక్కుని నిలువునా చీల్చాడు, కార్నర్‌లో రక్తం ఆపలేకపోయారు. రిఫరీ ఆపేలోపు ముగించాలని మార్సియానో ఎనిమిదో రౌండ్లో పూనకం వచ్చినట్టు మీదపడి నాకౌట్ చేశాడు. మార్సియానో అయిదు రాత్రుల్లో నాకు రెండు చార్ల్స్‌తోనే వస్తాయి. మేవెదర్‌ని తీసేయమని నేననను, పదో స్థానంలో ఎవరున్నారో చూసుకుని చార్ల్స్‌కి చోటివ్వండి.